పికప్ వెనుక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ బిగించుకోవచ్చా?

పరకాల పికప్:
అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. నా బండి వెనుక చక్రాలకు మాత్రమే డ్రైవ్ ఉన్న పికప్. పత్తి ఏరే కాలంలో చేన్ల నుంచి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిగతా నెలల్లో మక్కలు, ఎరువుల బస్తాలు వేస్తుంటాను. మా చుట్టుపక్కల అంతా నల్లరేగడి కావడంతో వాన పడిన మూడో రోజున కూడా చేనులోకి దిగితే ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతుంది, గట్టు మీదున్న కుడి చక్రం మాత్రం అంగుళమైనా కదలదు. పోయిన నెలలో రెండుసార్లు ట్రాక్టర్‌తో గుంజించుకోవలసి వచ్చింది.

పాత సామాను దుకాణంలో ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ యూనిట్ (ఒక చక్రం జారితే రెండో చక్రానికి ఎక్కువ బలం పంపే డిఫరెన్షియల్) ఒకటి కనిపించింది. మా యాక్సిల్‌కు సరిపోతుందని దుకాణం ఆయన చెబుతున్నారు. దానిని కొనవచ్చా? నా ఇబ్బంది నిజంగా తీరుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

ఆటోనగర్ మెకానిక్:
నమస్తే అన్నా. ముందు మీ బండి ఎందుకు దిగబడుతోందో చూద్దాం. డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని వెనుక చక్రాలు రెండింటికీ పంచే పళ్ల చక్రాల అమరిక. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పే బలాన్నే ఇస్తుంది. బురదలోని చక్రం 20 కిలోగ్రామ్-మీటర్లకు మించి తట్టుకోలేక జారిపోతే, గట్టి నేల మీది చక్రానికి కూడా ఆ 20 మాత్రమే అందుతుంది. మొత్తం 40 అవుతుంది, బండి కదలడానికి 70 కావాలంటే అక్కడే ఆగిపోతుంది. లిమిటెడ్ స్లిప్ యూనిట్ గట్టి పక్కకు, ఉదాహరణకు, మూడింతలు ఇవ్వగలిగినదైతే, అదే బురదలో 20కి తోడు 60 అంది మొత్తం 80 అవుతుంది, బండి బయటపడుతుంది. అయితే చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే సున్నాకు మూడింతలు కూడా సున్నానే కాబట్టి, పళ్ల చక్రాలతో మాత్రమే పనిచేసే రకం అప్పుడు సాయం చేయదు. ప్లేట్ల రకంలో లోపలి స్ప్రింగులు ముందే నొక్కి ఉంచుతాయి కనుక కొంత బలమైనా అందుతుంది. హౌసింగ్ (యాక్సిల్ మధ్యనున్న గుండు) నేలకు ఆనిపోయిన తర్వాత మాత్రం ఏ రకమూ బండిని లేపలేదు.

కొనే ముందు మీ యాక్సిల్ షాఫ్ట్ చివర ఉన్న స్ప్లైన్ పళ్లు (యూనిట్‌లో ఇమిడే నిలువు గాళ్లు) లెక్కపెట్టి, ఆ యూనిట్‌లోని పళ్లతో సరిచూడండి. క్రౌన్ వీల్ (యూనిట్ కేస్‌కు, అంటే బయటి గుల్లకు, బిగించే పెద్ద పళ్ల చక్రం) కూర్చునే అంచు వ్యాసం, బోల్టుల సంఖ్య, పక్క బేరింగుల కొలత, మీ బండి గేర్ నిష్పత్తికి ఆ కేస్ సరిపోతుందా లేదా అన్నవి కూడా చూడాలి. ఇందులో ఒక్కటి కలవకపోయినా వదిలేయండి. అమ్మేవారి మాట కంటే వెర్నియర్ కాలిపర్ చెప్పేదే నమ్మాలి.

నర్సంపేట డ్రైవర్:
ఈ పని నేను మూడేళ్ల కింద చేయించుకున్నాను, చేతులు కాల్చుకున్నాను కూడా, కాబట్టి వివరంగా రాస్తున్నాను. యూనిట్ మంచిదే. బిగించినవారు మాత్రం డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) లేకుండా, క్రౌన్ వీల్‌ను చేత్తో ఊపి చూసి సరిపోయిందని మూసేశారు. రెండు నెలలకే నలభై వేగం దాటగానే సన్నని ఊళ మొదలైంది. డ్రెయిన్ ప్లగ్ విప్పి చూస్తే దాని అయస్కాంతం చుట్టూ వెండి పొడిలాంటి ముద్ద, అందులో గోరు ముక్కంత ఇనుప పెంకు ఒకటి. క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్ రెండూ మార్చవలసి వచ్చింది, ఎందుకంటే అవి జతగా అరగదీసి అమర్చినవి, ఒక్కదాన్నే మారిస్తే మళ్లీ అదే ఊళ.

రెండోసారి పని జరుగుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. బేరింగ్ క్యాపులు విప్పే ముందే ఏది ఏ పక్కదో పంచ్‌తో గుర్తు పెట్టారు, ఎందుకంటే అవి తారుమారు కాకూడదు. కొత్త కేస్ మీదికి బేరింగులను సుత్తితో కొట్టకుండా ప్రెస్‌తో దింపారు. క్రౌన్ వీల్ బోల్టులను ఎదురెదురుగా, విడతలవారీగా, టార్క్ రెంచ్‌తో బిగించారు. పినియన్‌ను కదపలేదు కనుక దాని లోతు మారలేదు, సరిచేయవలసింది బ్యాక్‌లాష్ (ఆ రెండింటి పళ్ల మధ్య ఉండే సన్నని ఖాళీ) ఒక్కటే. ఇలాంటి యాక్సిళ్లలో అది సాధారణంగా 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కానీ మీ బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించాలి. ఎక్కువగా ఉంటే ఒక పక్క షిమ్ (పలుచని ఇనుప బిళ్ల) తీసి, అంతే మందం రెండో పక్క వేస్తారు. అప్పుడు క్రౌన్ పినియన్ వైపు జరుగుతుంది, బేరింగుల బిగువు మాత్రం మారదు. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల డయల్ గేజ్‌తో కొలిచి, చివరికి పళ్లకు నీలి రంగు పూసి తిప్పి చూశారు. ముద్ర పంటి మధ్యలో పడింది, అంచులకు పోలేదు. అప్పుడు గానీ కవర్ మూయనివ్వలేదు.

ఆయిల్ విషయంలో పొదుపు చేయకండి. యూనిట్ తయారీదారు చెప్పిన గ్రేడ్‌లో జీఎల్-5 రకం గేర్ ఆయిల్, దానితోపాటు లిమిటెడ్ స్లిప్ కోసం అమ్మే అడిటివ్ కావాలి. అడిటివ్ లేకపోతే మలుపుల్లో ప్లేట్లు పట్టుకుని వదులుతూ వెనుక నుంచి గరగర శబ్దం వస్తుంది. వెనుక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉండాలి, లేదంటే తిన్నగా పోతున్నా ప్లేట్లు రుద్దుకుంటూనే ఉంటాయి.

ములుగు రోడ్డు:
రెండు జాగ్రత్తలు చెబుతాను. ఇది బిగించాక ఒక్క వెనుక చక్రాన్నే జాకీతో లేపి, ఇంజన్ నడుపుతూ గేరు వేయకండి. నేల మీది చక్రం బండిని లాగి జాకీ మీద నుంచి పడేస్తుంది. రెండోది, ఖాళీ బండితో తొలకరి వానలో తారు రోడ్డు మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రెండు చక్రాలూ కలిసి జారి బండి తోక పక్కకు తిరుగుతుంది.

2015లో మార్పులతో వచ్చిన మహీంద్రా థార్‌లో ఈటన్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది. అది ఇలా పంచదు, చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే పూర్తిగా లాక్ అవుతుంది. మీ యాక్సిల్‌కు ఆ రకం దొరికితే బురదకు అదే మేలని నా అభిప్రాయం.

పరకాల పికప్:
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు దుకాణానికి వెళ్లి స్ప్లైన్లు లెక్కపెట్టాను, కలిశాయి. కానీ యూనిట్ విప్పించి చూస్తే రెండు ప్లేట్ల మీది గరుకు పొర పూర్తిగా పోయి నున్నగా మెరుస్తున్నాయి, ఒక స్ప్రింగ్ విరిగి ఉంది. కొనలేదు. లాకింగ్ రకం మా యాక్సిల్‌కు దొరుకుతుందా అని విచారిస్తున్నాను. నర్సంపేట అన్నా, రెండోసారి పని చేసిన మేస్త్రీ దగ్గర డయల్ గేజ్ ఉందన్నారు కదా, ఆయన షెడ్డు ఎటువైపో వ్యక్తిగత సందేశంలో చెప్పగలరు.

ఆటోనగర్ మెకానిక్:
మంచి పని చేశారు అన్నా. అది దొరికేదాకా ఒక ఉపాయం: చక్రం జారుతున్నప్పుడు హ్యాండ్ బ్రేకును రెండు మూడు పళ్ల మేర లాగి, మొదటి గేరులో మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. తిరిగే చక్రానికి అడ్డు తగిలి, రెండో చక్రానికి కొంత బలం అందుతుంది. ఎక్కువసేపు చేయకండి, బ్రేక్ లైనర్లు కాలిపోతాయి.