అమ్మని బెర్లిన్ డోమ్‌కి తీసుకెళ్తున్నా, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్

నమస్తే అండీ. వచ్చే నెల అమ్మ గుంటూరు నుంచి వస్తోంది, చిన్నప్పట్నుంచీ లూథరన్ చర్చిలోనే పెరిగిన మనిషి, బెర్లిన్‌లో ముందు డోమ్ అనే ఆ పెద్ద చర్చే చూడాలంటోంది. 1905లో పూర్తయిందనీ, లోపల మతసంస్కర్తలు లూథర్, కాల్విన్ విగ్రహాలున్నాయనీ, గోపురంలో కొండమీది ప్రసంగంలోని ధన్యతలు మొజాయిక్‌లుగా ఉన్నాయనీ, అక్కడి ఆర్గన్ వాద్యానికి ఏడు వేల పైనే గొట్టాలనీ వీడియో కాల్‌లో చెప్తుంటే అమ్మకి కళ్ళనీళ్ళొచ్చేశాయి.

మోకాళ్ళ నొప్పులు కాబట్టి గోపురం పైకి 270 మెట్లు ఎక్కలేదు, అది వదిలేస్తాం, కానీ ఆ ఆర్గన్ మాత్రం ఎలాగైనా వినిపించాలి. ఆదివారం ఆరాధనకి వెళ్తే సరిపోతుందా, లేక కచేరీకి టికెట్ కొనాలా? ఏ వైపు కూర్చుంటే ఆర్గన్ బాగా కనిపిస్తుంది? మెట్లెక్కకుండా లోపలికెళ్ళే దారి ఎటువైపు? అమ్మకి జర్మన్ ఒక్క ముక్క రాదు, అయినా చివరిదాకా కూర్చుంటానంటోంది.