నాన్నగారి కంప్యూటర్ అమ్మేస్తున్నాను, డిస్కులను పూర్తిగా చెరపడం ఎలా?

ప్రశ్న:
మా నాన్నగారు తెనాలిలో 30 ఏళ్లు దస్తావేజులు రాశారు. ఆయన పోయాక గది ఖాళీ చేస్తున్నాను. డెస్క్‌టాప్‌లో 500 జీబీ హార్డ్ డిస్కు, ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో దాచే డిస్కు) ఉన్నాయి. వాటి నిండా జనం ఆధార్ నకళ్లు, పాన్ కార్డులు, వీలునామా ముసాయిదాలే. పాత సామాన్లు కొనే ఆయన రెండింటికీ 1,500 ఇస్తానన్నాడు. నిన్న డెస్క్‌టాప్ డిస్కును ఫార్మాట్ చేశాను. అనుమానం తీరక ఒక రికవరీ ప్రోగ్రాం నడిపితే, మా వీధి చివరింటి పెద్దావిడ వీలునామా అక్షరం పోకుండా తెరుచుకుంది. ఏ కూతురికి ఎంత రాశారో కూడా కనిపించింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నమ్మి చెప్పుకున్న సంగతులు బజారున పడకూడదు. ఏం చేయాలి?

జవాబు 1:
మీరు చేసింది క్విక్ ఫార్మాట్ అయి ఉంటుందండీ. రిజిస్ట్రారు ఆఫీసులో ఇండెక్సు పుస్తకం పోతే దస్తావేజులు పోవు కదా, ఇదీ అంతే. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాంలో ఆ డిస్కును ఎంచుకుని ‘క్లీన్ ఆల్’ ఇవ్వండి. మొదటి సెక్టారు (డిస్కులో ఒక చిన్న భాగం) నుంచి చివరిదాకా సున్నాలు రాస్తుంది. రెండు గంటలు పట్టవచ్చు. డిస్కు నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇలా 35 సార్లు రాయాలని కొందరంటారు, ఆ మాట పట్టించుకోకండి. అది 1996లో పీటర్ గుట్‌మన్ అనే కంప్యూటర్ పరిశోధకుడు అప్పటి డిస్కుల కోసం రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఇప్పటివాటికి ఒక్కసారి చాలు.

జవాబు 2:
ఎస్ఎస్‌డీ విషయంలో మాత్రం ఈ సున్నాలు రాసే పద్ధతిని నమ్ముకోవద్దు. ఒకేచోట అరిగిపోకుండా అది కొత్త రాతను వేరే గడుల్లోకి మళ్లిస్తుంది. పాతది మనకు కనిపించని చోట మిగిలిపోవచ్చు. తయారీ సంస్థ ఇచ్చే ప్రోగ్రాంతో ‘సెక్యూర్ ఎరేజ్’ చేయండి, అంటే మొత్తాన్నీ చెరిపేయమని ఎస్ఎస్‌డీకే ఆదేశం ఇవ్వడం. అయస్కాంతం పెట్టి లాభం లేదు, అందులో ఉండేది విద్యుదావేశం.

ప్రశ్న అడిగినవారు:
ఎస్ఎస్‌డీ పని అయిపోయింది. మళ్లీ రికవరీ నడిపాను, ఒక్క ఫైలూ రాలేదు. హార్డ్ డిస్కు మాత్రం గంట గడిచాక టిక్కు టిక్కుమని ఆగిపోయింది. ఇప్పుడు కంప్యూటర్ దాన్ని గుర్తించడమే లేదు.

జవాబు 1:
అయితే విప్పి పాడుచేయడమే. నక్షత్రం మూతి స్క్రూడ్రైవరు కావాలి. ఒక స్క్రూ స్టిక్కరు కింద దాగి ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి. కొన్నింటిలో సమాచారం దాచే పళ్లేలు గాజువి, పగిలితే ముక్కలు ఎగురుతాయి.

ప్రశ్న అడిగినవారు:
విప్పాను. పళ్లెం అద్దంలా ఉంది, నా ముఖం కనిపించింది. అల్యూమినియందే. డ్రిల్లుతో తొమ్మిది చిల్లులు పెట్టి, పట్టుకారుతో మడిచేశాను. డిస్కు లేదని సామాన్లాయన 300 తగ్గించాడు. తగ్గించుకోమన్నాను.