ఫేజు పోతే ఏరియేటరు తిరగాలా, డ్రైవు ట్రిప్ కావాలా?

అల్లూరు_గుంట: ఆక్వా గుంటలో నీళ్ళు చిమ్మి ఆక్సిజన్ కలిపే 2 హెచ్‌పీ పాడిల్‌వీల్ ఏరియేటర్లకు డ్రైవులు (మోటారు వేగం మార్చే పెట్టెలు) పెడుతున్నాం. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు డ్రైవు ట్రిప్ అయ్యే (తనంతట తనే ఆగిపోయే) సెట్టింగ్ తీసెయ్యమని ఒకరు, తీస్తే డ్రైవే పోద్దని ఒకరు. తెల్లారుజామున ఆక్సిజన్ బాగా పడిపోద్ది గదా. ఏం చెయ్యాలన్నా?

చీమకుర్తి_డ్రైవ్స్: ఆగకుండా నడపొచ్చు. స్టార్ మోటారు న్యూట్రల్‌ని (మూడు వైండింగులు కలిసే ముడి) డ్రైవు లోపలి డీసీ బస్ (లైను కరెంటు డీసీగా మారి నిలిచే చోటు) మధ్య బిందువుకి కలపాలి. మిగిలిన రెండు ఫేజుల కరెంట్ల మధ్య కోణం 120 నుంచి 60 డిగ్రీలకు మార్చి, ఒక్కోటి 1.73 రెట్లు పెంచితే తిరిగే ఫీల్డు మునుపటిలాగే ఉంటుంది. ఐజీబీటీ (డ్రైవులో మోటారుకి కరెంటిచ్చే స్విచ్చు) రేటింగు దాటకూడదు గనక టార్కు (తిప్పే బలం) 58 శాతం లోపే వస్తుంది. పాడిల్ లోడు వేగం తగ్గేకొద్దీ బాగా దిగిపోతుంది, 35 హెర్ట్‌జ్‌లో సగం టార్కు చాలు.

వైండింగ్_ఒంగోలు: న్యూట్రల్ యాడుంది? చాలా 2 హెచ్‌పీ మోటార్లలో స్టార్ ముడి వైండింగ్ లోపలే కట్టేసి మూడు వైర్లే బయటికిస్తారు. 5 హెచ్‌పీ డెల్టా (వైండింగులు త్రికోణంలా కట్టింది) అయితే న్యూట్రలే లేదు.

చీమకుర్తి_డ్రైవ్స్: రివైండింగ్‌లో నాలుగో వైరు తీస్తే సరి.

వైండింగ్_ఒంగోలు: తీస్తే ఎక్కడ కలుపుతారు? బజార్లో దొరికే డ్రైవుకి అవుట్‌పుట్ టెర్మినళ్ళు మూడే. లోపల బస్ మీద దాదాపు 580 వోల్టులు, దాన్ని రైతు చేత విప్పిస్తారా? పైగా ఆ వైరులో అప్పుడు ఒక్కో ఫేజులో పారే కరెంటుకి 1.73 రెట్లు పారుతుంది. సన్న వైరు వేస్తే మాడిపోద్ది.

కోట_ఆక్వా: ఇద్దరూ డ్రైవు లోపల ఐజీబీటీ పోవడం గురించి కొట్టుకుంటున్నారు. ఆయన అడిగింది లైను ఫేజు పోవడం. అప్పుడు బస్ వోల్టేజిలో అలలు 300 హెర్ట్‌జ్ నుంచి 100కి దిగుతాయి, కెపాసిటర్లు వేడెక్కుతాయి. ట్రిప్ తీసేస్తే లోడు సగానికి దించాలి, లేదంటే ఒక సైజు పెద్ద డ్రైవు పెట్టాలి.

సింగరాయకొండ_శ్రీను: బైపాస్ పెట్టి, డ్రైవు లేకుండా లైను మీద డైరెక్టుగా నడపండి.

కోట_ఆక్వా: ఫేజు లేనప్పుడు బైపాసా! రెండు ఫేజుల మీద మోటారు 1.73 రెట్లు లాగి కాలిపోద్ది. బైపాస్ డ్రైవు చచ్చినప్పుడే. కాంటాక్టర్ల (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చులు) మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ (రెండూ ఒకేసారి కలవకుండా ఆపేది) ఉండాలి, మార్చే ముందు 3 సెకన్లు ఆగాలి.

అల్లూరు_గుంట: మోటారు కాలితే కాలనీ అన్నా! రివైండింగ్ ఎంత, గుంటలో పంటెంత? డీలరేమో సెట్టింగ్ ముట్టుకుంటే వారంటీ లేదని చేతులెత్తేశాడు. అందరూ మోటారునే కాపాడతారు.

వైండింగ్_ఒంగోలు: నా గోల మోటారు గురించి కాదయ్యా! ట్రిప్ వద్దంటే మీవాళ్ళు ఆటో రీసెట్ (ఆగిన డ్రైవు దానంతటదే లేచే సెట్టింగ్) పెట్టేస్తారు. చక్రం ఆగింది గదాని కుర్రాడు నాచు తియ్యడానికి నీళ్ళల్లో దిగుతాడు. చెయ్యి రెక్కల మధ్య ఉండగా అది తిరిగితే?

చీమకుర్తి_డ్రైవ్స్: ఆ మాట మొదట్లోనే అనాల్సింది. నేను చెప్పింది అసలు ఆగకుండా తిరిగేది. ఆగి దానంతటది లేచేది వేరు. ఆటో రీసెట్ అండర్ వోల్టేజికి (వోల్టేజి తగ్గి ఆగినప్పుడు) మాత్రమే ఉంచి, ఓవర్ కరెంటుకీ ఎర్త్ ఫాల్టుకీ (కరెంటు భూమిలోకి లీకయినప్పుడు) సున్నా పెట్టాలి. లేచే ముందు 30 సెకన్లు సైరన్ మోగాలి.

వైండింగ్_ఒంగోలు: సైరన్ చాలదు. ఆగిన చక్రాన్ని గట్టు మీదున్న మనిషే బటన్ నొక్కి లేపాలి.

అల్లూరు_గుంట: ఆ మనిషి వచ్చేలోగా ఆక్సిజన్ 3 పీపీఎం కిందికి పోతే?

వైండింగ్_ఒంగోలు: ఏరియేటర్లన్నీ ఒకే డ్రైవుకి కట్టొద్దు. సగం ఒకదానికి, సగం ఇంకోదానికి, ఒక్కో మోటారుకి విడిగా ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువ లాగితే ఆపేది). ఒకటి ఆగినా రెండోది తిరుగుతుంటుంది. ఆటో రీసెట్‌కి మాత్రం నేను ఒప్పుకోను.