సర్పంచ్ ఏకగ్రీవం అయితే ప్రజాస్వామ్యం గెలిచినట్టా, ఓడినట్టా?

కోనసీమ కుర్రాడు:
మా ఊళ్ళో మళ్ళీ సర్పంచ్ ఎలక్షన్ మాటలు మొదలయ్యాయండి. రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుని ఈసారీ ఏకగ్రీవమే, గుడికి ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకే పదవి అంటున్నారు. 2021లో గవర్నమెంటే ఏకగ్రీవమైన చిన్న ఊరికి 5 లక్షలు, 10 వేల జనాభా దాటితే 20 లక్షలు అని ప్రకటించింది కదా, అదీ చూపిస్తున్నారు. నాకెందుకో తేడాగా ఉంది, మీరేమంటారు?

పాలకొల్లు బాబాయ్:
తేడా ఏముంది అబ్బాయ్. పోటీ అంటే ఓటుకి నోటు, మందు, ఆ తర్వాత ఐదేళ్ళు అన్నదమ్ములకి మాటలుండవు, పెళ్ళికి పిలుపులుండవు. అంత ఖర్చుపెట్టి గెలిచినోడు రాబట్టుకోడా? గుడికెళ్ళిన డబ్బయితే ఊళ్ళోనే ఉంటది.

శివారు రైతు:
వేలంలో కొనుక్కున్నోడు మాత్రం రాబట్టుకోడా బాబాయ్ గారూ? అసలు ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నారో చెప్పండి ముందు, పేటలోంచి ఒక్కరున్నారా, ఆడవాళ్ళున్నారా? మన రాష్ట్రంలో సగం సర్పంచ్ సీట్లు ఆడవాళ్ళవి, ఆ సీటుకి ఎవరి భార్య పేరు రాయాలో కూడా మగాళ్ళే అక్కడ తేల్చేస్తారు. పోటీ ఉంటే ఓడిపోయేవాడైనా మా పేటకొచ్చి డ్రెయిన్లో గుర్రపుడెక్క తీయిస్తానని చెప్పి పోతాడు, చేస్తాడా చెయ్యడా తర్వాత సంగతి, మా గుమ్మం దాకా వచ్చాడుగా. ఏకగ్రీవం అయిన ఏడాది ఆ మాటైనా ఎవడూ అనలేదు.

సివిక్స్ మాష్టారు:
రాబర్ట్ డాల్ అనే అమెరికా రాజనీతి పండితుడు ప్రజాస్వామ్యం ఎంతుందో తేల్చడానికి 1971లోనే రెండు చూడమన్నాడు: పోటీకి ఎంత చోటుంది, పాల్గొనే హక్కు ఎంతమందికుంది. అరుగు మీద రెండూ సున్నాయే. దేశాల్లో ప్రజాస్వామ్యం ఎంతుందో కొలిచే స్వీడన్ సంస్థ వీ-డెమ్ 2021 రిపోర్టులో ఇండియాని ఎన్నికలున్న నిరంకుశత్వం కింద వేసేసరికి ఢిల్లీలో పెద్ద గొడవైంది, ఒప్పుకోం అన్నారు. అది దేశం మొత్తానికి నిపుణులు వేసే మార్కు, మన అరుగు దాకా ఆ లెక్క రాదు. రాజ్యాంగం 73వ సవరణ ఊరి ఓటర్లందరూ కూర్చునే గ్రామసభ పెట్టింది, నిజంగా అందరూ కూర్చుని ఒప్పుకుంటే నేనూ ఏకగ్రీవానికి సైయే, మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు జరిగిందో అడగండి, సంతకాల రిజిస్టర్ తప్ప ఏం కనపడదు.

పాలకొల్లు బాబాయ్:
మరి 1997 చట్టంతో వచ్చిన, కాలవ నీళ్ళు చూసుకునే రైతుల నీటి సంఘాల్లో చాలావరకు ఏకగ్రీవాలే, కాలవలు నడవట్లేదా?

శివారు రైతు:
ధవళేశ్వరం బ్యారేజీలో వదిలిన నీళ్ళు పై ఊళ్ళకి నడుస్తున్నాయండి, దాళ్వాలో, అదే రెండో పంటకి, నీళ్ళకి వంతులు పెట్టాక మా శివారుకొచ్చి చూడండి. చేలో దిగేది కౌలుదారు, సంఘం జాబితాలో పేరు హైదరాబాదులో ఉండే పట్టాదారుది. ఎవరి ఏకగ్రీవం అది?

సివిక్స్ మాష్టారు:
కుర్రాడూ, రెండో నామినేషన్ ఒక్కటి నిలబడితే ఏకగ్రీవం పోద్ది. డిపాజిట్ జనరల్‌కి 3 వేలే, మీ ఇంట్లోంచే వెయ్యొచ్చుగా?

కోనసీమ కుర్రాడు:
వెయ్యొచ్చు మాష్టారూ, నాన్న ఒప్పుకోట్లేదు. మా చేలోకి నీళ్ళు పై చేను ఆయన బోదెలోంచే, అదే పిల్లకాలవలోంచే రావాలండి, ఆయన ఆ అరుగు మీదే కూర్చున్నారు.