డొమినికాలో బాయిలింగ్ లేక్ ట్రెక్: ఐదు రోజుల్లో అవుతుందా?

కొండాపూర్ కుర్రాడు

జనవరిలో ఆఫీసు పని మీద డాలస్ వెళ్తున్నాను. మా ఆవిడ కూడా వస్తోంది, ఇద్దరికీ అమెరికా విజిటర్ వీసా ఉంది. పని అయ్యాక ఐదు రోజులు ఖాళీ. మయామీ మీదుగా కరీబియన్‌లోని డొమినికా వెళ్దామని ఆలోచన. బీచ్‌లో పడుకోవడం మా వల్ల కాదు, నాకైతే అక్కడి బాయిలింగ్ లేక్, అంటే మరిగే నీళ్ల సరస్సు, చూడాలని ఎప్పట్నుంచో కోరిక. భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నాం, వానాకాలంలో అనంతగిరి అడవిలో తిరుగుతుంటాం. ఆ అలవాటు సరిపోతుందా? గైడ్ లేకుండా వెళ్లొచ్చా? తనకి ఈత రాదు, పైగా శాకాహారి. లేదంటే హాయిగా సెయింట్ లూసియా దీవికి పొమ్మంటారా?

మల్కాజ్‌గిరి పిన్ని

బాబూ, నిక్షేపంగా వెళ్లండి. యాభై దాటాక మా అమ్మాయీ అల్లుడూ లాక్కెళ్తే నేనే వెళ్లొచ్చాను, మీకేం.

కాకపోతే భువనగిరి అనుభవం అక్కడ పెద్దగా అక్కరకు రాదు. మన బండ ఎండి ఉంటుంది, కాలు పెడితే పట్టు దొరుకుతుంది. అక్కడ దారంతా బురద, పాచి, మెట్లు. మట్టి జారిపోకుండా కొయ్య దుంగలు అడ్డంగా పాతి చేసిన మెట్లవి, కొన్ని నాకు మోకాలెత్తు వచ్చాయి. పోనూ రానూ కలిపి 13 కిలోమీటర్లే, కానీ 6-7 గంటలు పడుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం ఒక్కటే. దిగేటప్పుడు తెలుస్తుంది మోకాళ్ల సంగతి.

లోడా అనే ఊరి దగ్గర మొదలుపెడతారు. మొదటి గంట చిక్కటి అడవిలో నడక, తర్వాత బ్రేక్‌ఫాస్ట్ రివర్ అనే వాగు వస్తుంది. అక్కడ కూర్చుని ఏదైనా తినండి, ఆ తర్వాత మోర్న్ నికోల్స్ కొండ ఎక్కాలి. దాని అవతలి వైపు దిగితే వ్యాలీ ఆఫ్ డెసొలేషన్. అప్పటిదాకా ఉన్న పచ్చదనం అంతా ఒక్కసారిగా మాయం. నేల పసుపు, తెలుపు, తుప్పు రంగుల్లో ఉంటుంది, ఎక్కడ చూసినా ఆవిరే, గంధకం వాసన ముక్కు పగలగొడుతుంది. ఒక పాయలో నల్లనీళ్లు, పక్క పాయలో పాలలాంటి నీళ్లు. మా గైడ్ ఒక మరిగే గుంటలో కోడిగుడ్లు ఉడికించి ఇచ్చాడు. మా అల్లుడు రెండు లాగించాడు, నేను ముట్టలేదు. ఆ నీళ్లలోంచి నడిచొచ్చాక చూసుకుంటే నా వెండి మెట్టెలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఇంటికొచ్చాక విభూది పెట్టి తోమాను. మీ ఆవిణ్ణి మెట్టెలు, పట్టీలు హోటల్‌లోనే పెట్టి రమ్మనండి.

గైడ్ లేకుండా వెళ్లాలనే ఆలోచన మానుకోండి. ఆ లోయలో కొన్నిచోట్ల పైన గట్టిగా కనిపించే నేల పలచటి పొరే, కింద మరిగే బురద. ఆయన అడుగు పెట్టిన చోటే మేమూ పెట్టాం.

ఇక సరస్సు. 60 మీటర్ల వెడల్పు ఉంటుందట, మొదట పొగ తప్ప ఏమీ కనిపించలేదు. గాలి ఒక్కసారి ఆవిరిని పక్కకి నెట్టాక చూస్తే నడిమధ్యన అన్నం ఎసరు తెర్లినట్టు తెర్లుతోంది. అంచు దగ్గరే 82 నుంచి 92 డిగ్రీల వేడి. 2004 చివర్లో ఒకసారి నీళ్లన్నీ ఇంకిపోయి, కొన్ని నెలలకి మళ్లీ నిండిందని గైడ్ చెప్పాడు. రెయిలింగ్ ఏమీ ఉండదు, ఫొటోల కోసం అంచుకి పోకండి.

తిరిగొచ్చాక టిటూ గోర్జ్‌లో దిగాం. రెండు రాతి గోడల మధ్య సందులో చల్లటి నీళ్లు, చివర చిన్న జలపాతం. నాకూ ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకుని గైడ్ చెయ్యి పట్టుకుని వెళ్లాను.

తిండికి టెన్షన్ వద్దు. అక్కడి వాళ్లకి చామదుంప, పచ్చి అరటికాయ, బ్రెడ్‌ఫ్రూట్ రోజువారీ తిండి. చామాకుతో కలలూ అనే సూప్ చేస్తారు, మాంసం, పీత వెయ్యొద్దని ముందే చెప్పాలి. రాస్తఫారీ మతం వాళ్లు తమ పద్ధతిలో వండే తిండిని ఇటల్ అంటారు, ఆ హోటళ్లలో మాంసం అసలు ఉండదు. ఉప్పు కూడా తక్కువే, అదే నా బాధ.

నల్లమల నడక

పిన్ని గారూ, అంత అడవిలో పాముల సంగతేంటి?

మల్కాజ్‌గిరి పిన్ని

కొండచిలువ జాతివి ఉన్నాయి కానీ విషప్పాములు లేవు నాయనా. ఆ మాట విన్నాకే నేను బయల్దేరింది.

బోయిన్‌పల్లి సీనియర్

నా ఓటు సెయింట్ లూసియాకి. అక్కడి గ్రో పిటాన్ కొండ 798 మీటర్లు, పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి దిగిపోవచ్చు. జిప్‌లైన్ ఉంది, మంచి హోటళ్లున్నాయి. కొత్తగా పెళ్లయినవాళ్లని బురదలోకి తోలడం ఎందుకండీ? పైగా అక్కడి అడవుల్లో విషప్పాములు ఉన్నా, గ్రో పిటాన్ దారిలో గైడ్ వెంట ఉంటాడు.

ఉప్పల్ ఓపెనర్

ఎవరూ చెప్పలేదేంటి? 2023 జూలైలో జైస్వాల్ తొలి టెస్టులోనే 171 కొట్టింది, అశ్విన్ 12 వికెట్లు తీసింది డొమినికాలోనే. రాజధాని రోజోలోని విండ్సర్ పార్క్ స్టేడియం. ఒక ఫొటో మాత్రం నా తరఫున.

కొండాపూర్ కుర్రాడు

సీనియర్ గారూ, పెళ్లై ఆరేళ్లయింది, బురదకి మా ఆవిడే ముందుంటుంది. డొమినికాకే ఫిక్స్. పిన్ని గారూ, మిగతా రోజులు ఎలా పెట్టుకోమంటారు?

మల్కాజ్‌గిరి పిన్ని

సరస్సుని రెండో రోజే పెట్టుకోండి. తుఫానుల కాలం జూన్ నుంచి నవంబర్ దాకానే, కానీ ఆ కొండల్లో ఎప్పుడైనా వాన పడుతుంది. వాగులు పొంగితే గైడ్లు తీసుకెళ్లరు. ముందే పెట్టుకుంటే ఇంకో రోజుకి జరుపుకోవచ్చు, చివరి రోజుకి ఉంచుకుంటే పోయినట్టే.

మర్నాడు ఎలాగూ కాళ్లు కదలవు. ఆ రోజు పడవెక్కి తిమింగలాలు చూడండి. స్పెర్మ్ వేల్స్ అక్కడ ఏడాది పొడుగునా ఉంటాయి, వాటికోసం 2023లో దాదాపు 800 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మా పడవ వాళ్లు నీళ్లలోకి మైకు దించి వాటి టకటక శబ్దం వినిపించారు. ఇంకో పూట షాంపేన్ రీఫ్. సముద్రం అడుగునుంచి బుడగలొస్తుంటాయి, లైఫ్ జాకెట్‌తో ఒడ్డు దగ్గరే తేలుతూ చూడొచ్చు.

ట్రఫాల్గర్ జలపాతాలు, ఎమరాల్డ్ పూల్ దగ్గరవే. కాకపోతే జనవరిలో క్రూజ్ షిప్పులు వస్తాయి. రోజోలో ఓడ ఏ రోజు ఆగుతుందో మీ హోటల్ వాళ్లని అడిగి, ఆ రోజు అటు వెళ్లకండి.

వీసా సంగతి: మన పాస్‌పోర్ట్‌కి డొమినికా వీసా అడగదు, దారిలో మారే దేశానిదే చూసుకోవాలి. మీకు అమెరికాది ఉంది కాబట్టి సరిపోతుంది. గ్వాడెలూప్ నుంచి ఫెర్రీ చవక అని ఎవరైనా చెబితే మాత్రం అటు పోకండి. అది ఫ్రాన్స్‌ది, వేరే వీసా కావాలి.

ఇప్పట్నుంచీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మానేయండి. ఎక్కడం కాదు, బ్యాగ్ వీపున వేసుకుని మెట్లు దిగడం అలవాటు చేసుకోండి.