డైనో మీద బొలెరో 61, యోధా 80. మిగతా గుర్రాలు ఎవరు మింగారు?

మిర్చి_ఓనర్ (గుంటూరు): నా బొలెరో పికప్, మా బావమరిది టాటా యోధా పికప్ మొన్న బెజవాడ ఆటోనగర్లో డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) రోలర్ల మీదకి ఎక్కించాం. కంపెనీ లెక్క 75, 100 హార్స్‌పవర్. వచ్చింది 61, 80. నా 14 ఏమైనట్టు?

బోరింగ్‌షాపు_బెజవాడ: ఎవరూ మింగలేదండీ. కంపెనీ చెప్పేది ఇంజన్ దగ్గర పవర్, మీరు కొలిచింది వెనక చక్రాల దగ్గర. మధ్యలో గేర్‌బాక్స్, షాఫ్ట్, క్రౌన్ (వెనక ఇరుసులో గేరు), టైర్ల రాపిడి తినేస్తాయి. రెండు బళ్లకీ అయిదో వంతు దాకా పోయింది, అంటే మీ ఇంజన్ బాగున్నట్టే. ఏ గేర్లో లాగారు?

మిర్చి_ఓనర్: నాలుగో గేరనే అన్నాడు.

క్లచ్‌ప్లేట్: అన్నాడా? మీరు చూళ్లేదా?

మిర్చి_ఓనర్: టీకి వెళ్లా.

స్టీరింగ్_20ఏళ్లు: నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ ఎక్కేటప్పుడు హార్స్‌పవర్ ఎవడిక్కావాలి? లాగేది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం.

బోరింగ్‌షాపు_బెజవాడ: రెండూ ఒక తాను ముక్కలే. టార్క్‌ని ఆర్పీఎంతో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు. బొలెరో 2200 ఆర్పీఎం దగ్గర 200 న్యూటన్ మీటర్లు ఇస్తే 46 కిలోవాట్లు, అంటే 62 హార్స్‌పవర్. 75 కావాలంటే 3200 దాకా తొక్కాల్సిందే.

స్టీరింగ్_20ఏళ్లు: లోడుతో ఘాట్‌లో 3200 తొక్కి చూడండి, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంటుందో. డైనో మీద ఒక్క లాగుడు, నిమిషం కూడా ఉండదు, ముందు పెద్ద ఫ్యాను.

క్లచ్‌ప్లేట్: మూడో గేర్లో లాగితే అంకె మారుతుందిగా?

బోరింగ్‌షాపు_బెజవాడ: కొంచెం మారొచ్చు. నాలుగోది ఒకటికి ఒకటి దగ్గర (ఇంజన్ ఎంత తిరిగితే షాఫ్టూ అంతే) ఉంటుందని అందులో తీస్తారు. డైనో షీటు మీద ఆ రోజు గాలి వేడిని బట్టి అంకెకి దిద్దుబాటు వేశారేమో కూడా చూడండి. టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపేది) ఉన్న బండికి అది ఎక్కువేస్తే అంకె ఉబ్బుతుంది.

మిర్చి_ఓనర్: ఉబ్బినా తగ్గినా ఇంజన్ బాగుందని తేలిందా లేదా? ఇక డ్రైవర్లు సెకండ్ గేర్లో నిద్రపోయి "బండి లాగట్లేదు సార్" అనడానికి లేదు.

స్టీరింగ్_20ఏళ్లు: ఓహో, డైనో అందుకా! మిర్చి యార్డులో పొద్దున బేరాలకి బండి అందలేదని డ్రైవర్‌కి ట్రిప్పు డబ్బులు కోశావా? నాకూ ఒకాయన ఇట్లాగే మూడు ట్రిప్పులు కోశాడు. ఆ రోజే స్టీరింగ్ వదిలేశా.

మిర్చి_ఓనర్: మర్యాదగా మాట్లాడు. రేటు పడిపోతే నష్టం ఎవడు కడతాడు?

స్టీరింగ్_20ఏళ్లు: మర్యాదగానే అడుగుతున్నా. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని వేశారు?

మిర్చి_ఓనర్: 55. అందరూ వేసేదే.

స్టీరింగ్_20ఏళ్లు: టిక్కీకి 40 కేజీలే అనుకున్నా 2200. మీది ఎన్ని టన్నుల బండి?

మిర్చి_ఓనర్: 1.3. అంతే వేస్తే కిరాయి డీజిల్‌కే సరి. మీరు నడపండి లెక్క.

స్టీరింగ్_20ఏళ్లు: ఆ 900 కేజీలు మీ లాభంలో ఉంటాయి, ఆలస్యం మాత్రం డ్రైవర్ ఖాతాలోనా? ఆ లోడుతోనే డైనో ఎక్కించాల్సింది.

బోరింగ్‌షాపు_బెజవాడ: లోడేస్తే టైర్లు రోలర్ మీద ఇంకా నొక్కుకుని అంకె ఇంకాస్త తగ్గుతుందండీ, అంతే. ఘాట్ ఎక్కడం దాంట్లో కనపడదు.

స్టీరింగ్_20ఏళ్లు: నేనూ పొద్దున్నుంచి చెప్పేది అదే కదయ్యా! ఓనరు గారూ, కోసింది ఇచ్చేస్తారా లేదా?

క్లచ్‌ప్లేట్: ఓనరు గారు ఆఫ్‌లైన్. ఏ గేరో మాత్రం తేలలేదు.