మాక్స్ రోచ్ డ్రమ్స్: 1966 తర్వాతివి ఏ వరుసలో వినాలి?

నమస్కారం. పదేళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాను, జాజ్ మాత్రం కొత్త. అమెరికన్ జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ 1966 ఆల్బమ్ ‘డ్రమ్స్ అన్‌లిమిటెడ్’ విన్నప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. అందులో మూడు ట్రాకులు ఒక్క డ్రమ్స్‌తోనే నడుస్తాయి. ‘ద డ్రమ్ ఆల్సో వాల్ట్జెస్’లో కాళ్లు బేస్ డ్రమ్, హై-హ్యాట్ (పాదంతో మోగించే తాళాల జత) మీద మూడు లెక్కను వదలకుండా పట్టుకుంటే, చేతులు దాని పైన పాట పాడినట్టు వాయిస్తాయి. మన తని ఆవర్తనంలో (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) తాళం గాయకులు వేసి చూపిస్తారు. ఇక్కడ రెండూ ఒక్క మనిషే! ఎంత గొప్ప సాధనో.

ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్‌తో రోచ్ 1954–56 మధ్య చేసిన రికార్డింగులు విన్నాను, బాగా నచ్చాయి. 1966 తర్వాతి కాలమే చిక్కుగా ఉంది. 1970లో మొదలైన ఆయన తాళవాద్య బృందం ఎంబూమ్ ముందు వినాలా, పియానిస్ట్ సెసిల్ టేలర్‌తో 1979లో చేసిన కచేరీయా? రెండోది ఒకసారి పెట్టాను, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

ఇంకొకటి, డ్రమ్స్ వాయించేవారిని అడుగుతున్నాను. ఆ కాళ్ల లెక్క సాధన ఎలా మొదలుపెట్టాలి? చేతులు కదిలించగానే నాకు పాదం ఆగిపోతోంది. దయచేసి చెప్పండి.